డీ-డే నాడు ఒడ్డున లేని డీ-డే ఓడ: ఎల్‌ఎస్‌టీ-325 సర్వీసు చరిత్ర

రెండో ప్రపంచ యుద్ధంలో ట్యాంకుల్ని ఒడ్డున దించడానికి అమెరికా కట్టిన ఓడల్లో ఒకటైన ఎల్‌ఎస్‌టీ-325 గురించి ఎక్కడ చదివినా మొదటి రెండు వాక్యాల్లోనే నార్మండీ, డీ-డే, ఒమాహా బీచ్ వచ్చేస్తాయి. పూర్తిగా తప్పని కాదు గానీ, డీ-డే నాడు, అంటే జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం మీద మిత్రదేశాలు దాడికి దిగిన 1944 జూన్ 6 పొద్దున, అమెరికన్ సైనికులు తూటాల మధ్య ఒమాహా ఇసుక మీద పాకుతున్నప్పుడు ఈ ఓడ ఆ ఒడ్డున లేదు. అది వెనక వచ్చే రెండో దళంలో ఉంది. జూన్ 7న ఒమాహా ఎదుట లంగరు వేసి, తెచ్చిన 59 వాహనాల్నీ, 30 మంది ఆఫీసర్లనీ, 396 మంది జవాన్లనీ చిన్న పడవల్లోకీ, నీళ్లలోనూ నేల మీదా నడిచే డక్ ట్రక్కుల్లోకీ దించింది. గాయపడ్డ 38 మందిని ఎక్కించుకుని ఇంగ్లాండ్ దారి పట్టింది. సినిమాకి పనికొచ్చే సీను ఇందులో ఒక్కటీ లేదు.

కానీ ఈ రకం ఓడల అసలు చరిత్ర ఇదే. ఒడ్డు మీద కాలు పెట్టడం ఒక్క రోజు పని. కాలు పెట్టినవాళ్లకి మర్నాటి నుంచి ట్యాంకులు, ట్రక్కులు, గుండ్లు, డీజిల్, తిండి అందుతూ ఉండాలి, లేకపోతే మొదటి రోజు ప్రాణాలిచ్చి సంపాదించిన ఇసుక మూడో రోజుకి మళ్లీ చేజారుతుంది. ఆ అందించే పని చేసింది పేరు కూడా లేని, నంబరు మాత్రమే ఉన్న ఈ ఓడలు. ఎల్‌ఎస్‌టీ అంటే ల్యాండింగ్ షిప్, ట్యాంక్. అందులో పనిచేసిన నావికులు మాత్రం దాన్ని లార్జ్ స్లో టార్గెట్ అనుకునేవాళ్లు, పెద్దగా ఉండి మెల్లగా కదిలే గురి అని. సుమారు 100 మీటర్ల పొడవు, మహా అయితే 12 నాట్ల వేగం, అంటే గంటకి సుమారు 22 కిలోమీటర్లు. పేరు సరిగ్గానే పెట్టారు.

ఇలాంటి ఓడ కావాలన్న ఆలోచన ఓటమిలోంచి పుట్టింది. 1940లో డన్‌కర్క్ నుంచి బ్రిటన్ తన మనుషుల్ని చాలావరకు వెనక్కి తెచ్చుకోగలిగింది గానీ ట్యాంకుల్నీ ఫిరంగుల్నీ ట్రక్కుల్నీ ఫ్రాన్స్ లోనే వదిలేసి రావాల్సి వచ్చింది. మళ్లీ యూరప్‌లో అడుగు పెట్టాలంటే రేవు ఉండదు, రేవులన్నీ జర్మన్ల చేతిలో ఉంటాయి కాబట్టి ట్యాంకుల్ని నేరుగా ఇసుక మీద దించగల ఓడ ఉండాలి, పైగా అది సముద్రాలు దాటి రాగలగాలి. అప్పటికప్పుడు దొరికింది వెనిజులాలోని మరకైబో సరస్సు కోసం కట్టిన మూడు చమురు ఓడలు. ఆ సరస్సు ముఖద్వారం దగ్గర ఇసుక మేట ఉంటుంది, దాని మీదుగా వెళ్లాలి కాబట్టి వాటిని తక్కువ లోతు నీళ్లలో నడిచేలా కట్టారు. బ్రిటిష్ వాళ్లు వాటి ముందు భాగం కోసి తలుపులూ ర్యాంపూ పెట్టారు. మిసోవా, టసహేరా, బచకేరో అనే ఆ మూడూ తర్వాత అల్జీరియా ఒడ్డున నిజంగానే పనికొచ్చాయి కూడా. అయితే మూడు ఓడలతో యుద్ధం గెలవలేరు, బ్రిటన్ షిప్‌యార్డుల్లో కొత్తవాటికి ఖాళీ లేదు. అందుకే అమెరికా తలుపు తట్టారు.

1941 నవంబర్ మొదట్లో అమెరికా నేవీ బ్యూరో ఆఫ్ షిప్స్‌లో పనిచేసే జాన్ నీడర్‌మెయర్ అనే డిజైనర్ కొన్ని గంటల్లో ఒక స్కెచ్ గీశాడు. తర్వాత కట్టిన వెయ్యికి పైగా ఓడలకి మూలం అదే. చిక్కేమిటంటే, మహాసముద్రం దాటాలంటే ఓడ నీళ్లలోకి లోతుగా దిగి ఉండాలి, లేకపోతే అలలు దాన్ని ఆడుకుంటాయి. అదే ఓడ ఇసుక మీదకి ఎక్కాలంటే అడుగు భాగం నీళ్లలో ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. ఒకటి కావాలంటే రెండోది కుదరదు. నీడర్‌మెయర్ రెండింట్లో ఒకదాన్ని ఎంచుకోలేదు. పెద్ద పెద్ద బాలాస్ట్ ట్యాంకులు పెట్టి, సముద్రం మీద ఉన్నప్పుడు వాటిని నీళ్లతో నింపి ఓడని కిందకి దించమన్నాడు, ఒడ్డు దగ్గరకొచ్చాక ఆ నీళ్లు తోడేసి పైకి లేపమన్నాడు. జలాంతర్గాములు అప్పటికే చేస్తున్న పనే, దాన్ని తెచ్చి సరుకు ఓడలో పెట్టడమే కొత్త. 500 టన్నుల లోడుతో ఒడ్డుకొచ్చేటప్పుడు ముందు భాగం నీళ్లలో 1.2 మీటర్లే ఉంటుంది, వెనక భాగం 3 మీటర్లు. అంటే ఓడ అడుగు వెనక నుంచి ముందుకి వాలుగా ఉంటుంది, బీచ్ వాలుకి సరిపోయేలా.

ఒడ్డుకి ఎక్కడమే కాదు, దిగి రావడం కూడా ఆలోచించారు. తీరానికి కొంత దూరం ఉండగానే వెనక వైపు నుంచి ఒక పెద్ద లంగరు వదిలేసి, తాడు విప్పుకుంటూ ముందుకి పోయి ఇసుకలోకి దూసుకెళ్తుంది. తలుపులు తెరుచుకుంటాయి, ర్యాంపు వాలుతుంది, బండ్లు దిగిపోతాయి. లోడు పోయిన ఓడ ఎలాగూ తేలికవుతుంది, అప్పుడు ఇంజన్లు వెనక్కి తిప్పుతూ ఆ లంగరు తాడుని వించ్‌తో లాగితే తనని తానే ఇసుకలోంచి పీక్కుంటుంది. వినడానికి సులువు. అల పక్క నుంచి కొట్టి ఓడ ఒడ్డుకి అడ్డంగా తిరిగిందంటే మాత్రం ఆ రోజుకి పని అయిపోయినట్టే.

ఈ రాజీకి మూల్యం నావికులు చెల్లించారు. అడుగు చదునుగా ఉంది కాబట్టి అలల మీద విపరీతంగా ఊగేది, సముద్రం దాటగల బల్లకట్టు అనుకోండి. లోపల ట్యాంక్ డెక్ ఒక పొడవాటి సొరంగం, అందులో సుమారు 20 ట్యాంకులు ఒకేసారి ఇంజన్లు స్టార్ట్ చేస్తే పొగకి మనుషులు చచ్చిపోతారు. ఆ గాలి లెక్క తేల్చడానికి 1942లో సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న కెంటకీ రాష్ట్రం ఫోర్ట్ నాక్స్‌లో నేల మీదే ఒక ట్యాంక్ డెక్ నమూనా కట్టి, దానిలో ట్యాంకులు నడిపి, ఫ్యాన్లు ఎక్కడెక్కడ పెట్టాలో పరీక్షించారు. యుద్ధం హడావుడిలో కూడా ఈ ఒక్క విషయంలో తొందరపడకపోవడం గమనించాల్సిన సంగతి.

మిగతా అన్నిట్లోనూ మాత్రం తొందరే. 1942లో ఎల్‌ఎస్‌టీలకి ఎంత ప్రాధాన్యం ఇచ్చారంటే, వర్జీనియాలోని న్యూపోర్ట్ న్యూస్ యార్డులో అప్పటికే వేసిన ఒక విమానవాహక నౌక పునాదిని పీకేసి ఆ చోట వీటిని మొదలుపెట్టారు. తీరంలోని పెద్ద యార్డులు చాలక దేశం నడిబొడ్డున నదుల పక్కన కొత్త యార్డులు లేచాయి. ఇండియానాలో ఎవన్స్‌విల్, జెఫర్సన్‌విల్, ఇల్లినాయిలో సెనెకా, పెన్సిల్వేనియాలో పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల. చుట్టూ మొక్కజొన్న చేలు కాబట్టి వాటికి కార్న్‌ఫీల్డ్ షిప్‌యార్డులని పేరొచ్చింది. అంతకుముందు ఓడ మొహం చూడని వాళ్లు అక్కడ వెల్డింగ్ నేర్చుకుని ఓడలు కట్టి, ఒహాయో, ఇల్లినాయి నదుల మీదుగా మిసిసిపీలోకీ, అక్కడి నుంచి న్యూ ఆర్లీన్స్‌కీ పంపేవాళ్లు. తక్కువ నీళ్లలో నడిచే డిజైన్ బీచ్ కోసం చేసిందే అయినా నదుల్లో ఓడలు కట్టడం కూడా దానివల్లే సాధ్యమైంది. యుద్ధం ముగిసేసరికి అమెరికా కట్టిన ఎల్‌ఎస్‌టీలు 1,051. 1943 నాటికి ఒక్కోటి కట్టడానికి నాలుగు నెలలు పట్టేది, 1945కి అది రెండు నెలలకి దిగింది.

325ని మాత్రం పొలాల మధ్య కట్టలేదు. అది ఫిలడెల్ఫియా నేవీ యార్డు సరుకు. 1942 ఆగస్టు 10న మొదలుపెట్టి అక్టోబర్ 27న నీళ్లలోకి దించారు, అంటే రెండున్నర నెలలు. 1943 ఫిబ్రవరి 1న నేవీలో చేరింది. వందమందికి పైగా సిబ్బంది, వాళ్లలో ఎక్కువమంది అప్పటివరకు సముద్రం మీద రోజు గడపని కుర్రాళ్లు. రెండు డీజిల్ ఇంజన్లు ఒక్కోటి 900 హార్స్‌పవర్, జనరల్ మోటార్స్ 567 రకం. ఇది నిజానికి రైలు ఇంజన్ల కోసం తయారైన డిజైన్, అందుకే అమెరికాలో దశాబ్దాల పాటు దాని విడిభాగాలూ దాన్ని బాగుచేయడం తెలిసిన మెకానిక్కులూ దొరికారు. మన రైల్వేలు 1960ల మొదట్లో తెప్పించుకున్న డబ్ల్యూడీఎం-4 లోకోమోటివ్‌లలోనూ ఈ 567 కుటుంబం ఇంజనే ఉండేది. ఓడ ఆయుష్షు లెక్కలో ఈ రైలు ఇంజన్ పాత్ర చిన్నది కాదు.

మొదటి పెద్ద పని ఇటలీ దక్షిణాన ఉన్న సిసిలీ దీవి. 1943 జూలై 10న మొదలైన దాడిలో 325 అక్కడి జెలా అనే ఊరి వైపు వెళ్లిన దళాలతో ఉంది. ఎల్‌ఎస్‌టీ డిజైన్‌కి యుద్ధం పెట్టిన మొదటి పరీక్షల్లో ఇదొకటి, ఆ పరీక్షలో డిజైన్ సగమే పాసయింది. జెలా ముందు ఒడ్డుకి కొంత దూరంలోనే నీళ్ల కింద ఇసుక మేటలు ఉన్నాయి. ఓడ ఆ మేట మీద కూర్చుంటుంది, మేటకీ అసలు ఒడ్డుకీ మధ్య ట్యాంకు మునిగేంత లోతు ఉంటుంది. దీనికి విరుగుడుగా తేలియాడే ఉక్కు పెట్టెలు కలిపి కట్టిన పాంటూన్ వంతెనలు తెచ్చుకున్నారు గానీ అవి అన్నిచోట్లా సమయానికి అందలేదు. ఫలితం ఏమిటంటే, జర్మన్ ట్యాంకులు ఒడ్డు వైపు దూసుకొస్తున్నప్పుడు వాటిని ఎదిరించాల్సిన అమెరికన్ ట్యాంకులు చాలావరకు ఇంకా ఓడల్లోనే ఉన్నాయి. క్రూజర్లూ డిస్ట్రాయర్లూ సముద్రం మీద నుంచి పేల్చిన గుండ్లు ఆ రోజు కాపాడాయి. దాడి మొదటి రోజే, జూలై 10న, జెలా దగ్గర ఎల్‌ఎస్‌టీ-313 మీద జర్మన్ విమానం బాంబు వేసింది, లోపల ఉన్న వాహనాలూ మందుగుండూ అంటుకుని ఓడ పోయింది. 325కీ 313కీ డిజైన్‌లో తేడా ఏమీ లేదు. ఒకటి మ్యూజియం అయింది, ఇంకొకటి సముద్రం అడుగుకి చేరింది, మధ్యలో ఉన్నది ఒక బాంబు ఎక్కడ పడిందన్నదే. సెప్టెంబర్‌లో ఇటలీ ప్రధాన భూభాగం మీద సలెర్నో దగ్గర జరిగిన దాడికీ 325 వెళ్లింది.

ఆ ఏడాది చివర్లో ఇంగ్లాండ్‌కి పిలుపొచ్చింది. నవంబర్ 21న దారిలో కాన్వాయ్ మీద జర్మన్ విమానాలు రేడియోతో నడిపే గ్లైడ్ బాంబులు ప్రయోగించాయి. అప్పట్లో అది సరికొత్త ఆయుధం, 12 నాట్ల ఓడ దాన్ని తప్పించుకునే అవకాశం లేదు. 325కి తగల్లేదు. అమెరికన్ల థ్యాంక్స్‌గివింగ్ పండగ రోజుకి ఇంగ్లాండ్‌లోని ప్లిమత్ రేవు చేరింది.

ఇక్కడ కాసేపు ఈ ఒక్క ఓడని వదిలి లెక్కలు చూడాలి, ఎందుకంటే 1944 మొదటి ఆరు నెలల్లో ప్రపంచ యుద్ధ వ్యూహం అంతా ఎన్ని ఎల్‌ఎస్‌టీలు ఉన్నాయన్న దాని చుట్టూ తిరిగింది. ఇటలీలో ఆంజియోకి కావాలి, నార్మండీకి కావాలి, దక్షిణ ఫ్రాన్స్‌కి కావాలి, పసిఫిక్‌లో జపాన్ మీదకి కావాలి. రెండు మహా సామ్రాజ్యాల తలరాత ఈ దిక్కుమాలిన ఓడల సంఖ్యకి ముడిపడిపోయిందని చర్చిల్ విసుక్కున్నాడంటారు, ఆ విసుగులో అర్థముంది. నార్మండీ దాడి మే నుంచి జూన్‌కి వాయిదా పడడానికి ల్యాండింగ్ ఓడల కొరత ఒక ముఖ్య కారణం. దక్షిణ ఫ్రాన్స్ దాడి నార్మండీతో పాటే జరగాల్సింది, ఓడలు చాలక ఆగస్టు 15కి పోయింది. అంతలో రెండు దెబ్బలు. ఏప్రిల్ 28 తెల్లవారుజామున ఇంగ్లాండ్ దక్షిణ తీరంలో రిహార్సల్ చేస్తున్న ఎల్‌ఎస్‌టీల వరస మీదకి జర్మన్ టార్పెడో బోట్లు వచ్చి పడ్డాయి. రెండు ఓడలు మునిగాయి, మరొకటి చితికింది, 700 మందికి పైగా చనిపోయారు. రేడియో ఫ్రీక్వెన్సీ కాగితాల్లో పడ్డ తప్పు వల్ల ఓడలకి హెచ్చరిక అందలేదు, లైఫ్ బెల్టులు నడుముకి కట్టుకోవడం వల్ల చాలామంది నీళ్లలో తలకిందులై మునిగిపోయారు. మూడు వారాలు తిరిగేసరికి, మే 21న పెర్ల్ హార్బర్‌లోని వెస్ట్ లాక్‌లో మందుగుండు పేలి ఆరు ఎల్‌ఎస్‌టీలు తగలబడిపోయాయి. అక్కడ శత్రువు కూడా లేడు. ఈ రెండు సంఘటనల్నీ అప్పట్లో రహస్యంగా ఉంచారు.

ఈ నేపథ్యంలో చూస్తే జూన్ 7న చిన్న పడవల్లోకి సరుకు దించుతూ నిలబడ్డ 325 ఎందుకంత జాగ్రత్తగా ఉందో అర్థమవుతుంది. ఓడని పోగొట్టుకునే స్తోమత ఎవరికీ లేదు. ఇసుక మీదకి ఎక్కించి ఆటు వచ్చేదాకా వదిలేస్తే, కింద నీళ్లు పోయాక 100 మీటర్ల ఓడ బరువంతా ఎగుడుదిగుడు ఇసుక మీద పడి నడుం విరుగుతుందేమోనని నేవీ భయం. అందుకే మొదట్లో దూరంగా నిలిపి పడవల్లోకి మార్చారు, ఒక్కో ఓడకి గంటలకి గంటలు పట్టేది. ఒడ్డు మీద ఆర్మీ కేకలు వేస్తోంది. చివరికి తెగించి ఓడల్ని పోటు మీద ఇసుకలోకి ఎక్కించి ఆరబెట్టడం మొదలుపెట్టారు. ఏం విరగలేదు. నార్మండీలో పోటుకీ ఆటుకీ మధ్య తేడా చాలా ఎక్కువ, 6 మీటర్లు దాటుతుంది, కాబట్టి నీళ్లు వెనక్కి పోయాక ఓడ పొడి ఇసుక మీద నిలబడిపోతుంది, ట్రక్కులు టైరు తడవకుండా దిగి వెళ్లిపోతాయి, మళ్లీ పోటు వచ్చి ఓడని లేపుతుంది. జూన్ 19 నుంచి మూడు నాలుగు రోజులు కొట్టిన తుఫాను ఒమాహా దగ్గర అమెరికన్లు కట్టుకున్న మల్బరీ కృత్రిమ రేవుని తుక్కు చేశాక ఈ పద్ధతే పెద్ద దిక్కైంది. కాంక్రీటు పెట్టెలతో అంత ఖర్చు పెట్టి కట్టిన రేవు కన్నా ఈ ఆరబెట్టే పద్ధతే ఎక్కువ నమ్మకంగా పనిచేసిందంటే అతిశయోక్తి కాదు.

అక్కడి నుంచి 325 జీవితం ఒక బస్సు సర్వీసులా... కాదు, బస్సుకి మైన్ల భయం ఉండదు. 1945 వసంతం వరకు ఇంగ్లాండ్, ఫ్రాన్స్ మధ్య 40కి పైగా ట్రిప్పులు వేసింది. ఒమాహా, యూటా బీచ్‌లు, బ్రిటిష్ వాళ్ల గోల్డ్, కెనడా వాళ్ల జూనో, తర్వాత సెన్ నది మీదుగా రువాన్ నగరం దాకా. పోయేటప్పుడు బండ్లూ మనుషులూ, వచ్చేటప్పుడు గాయపడ్డవాళ్లు. ట్యాంకులు దిగిపోయిన డెక్ గోడలకి స్ట్రెచర్లు వరసలుగా వేలాడదీసే ఏర్పాటు ఉండేది, అదే ఆపరేషన్ థియేటర్ అయ్యేది. నార్మండీ నుంచి ఎల్‌ఎస్‌టీలు ఇలా ఇంగ్లాండ్ చేర్చిన క్షతగాత్రుల సంఖ్య 41,035. కొన్ని ఎల్‌ఎస్‌టీల డెక్ మీద పట్టాలు వేసి రైలు పెట్టెల్ని కూడా ఫ్రాన్స్‌లోని షెర్‌బూర్ రేవు దాకా మోశారు. ట్యాంకుల కోసమని కట్టిన ఓడ ఆసుపత్రి అయింది, రైల్వే ఫెర్రీ అయింది. పెద్ద ఖాళీ డెక్, ముందు తలుపు, ఎక్కడైనా ఆగగల అడుగు. ఈ మూడూ ఉంటే ఏ పనైనా అతికించొచ్చు.

1944 డిసెంబర్ 28 నాటి సంఘటన ఒక్కటే ఈ ఓడ రికార్డులో సాహసం కింద ప్రత్యేకంగా రాసుంటుంది. ఇంగ్లాండ్‌లోని సౌతాంప్టన్ నుంచి ఫ్రాన్స్‌లోని ల హావ్ర్‌కి అమెరికన్ సైనికుల్ని తీసుకెళ్తున్న ఎంపైర్ జావెలిన్ అనే బ్రిటిష్ ఓడ ఇంగ్లీష్ ఛానల్‌లో దెబ్బతిని మునగడం మొదలైంది. 325 వెళ్లి సుమారు 700 మందిని కాపాడింది. చలికాలం సముద్రంలో, చదును అడుగు ఓడని మునిగే ఓడ దగ్గరకి తీసుకెళ్లి నిలబెట్టడం చిన్న విషయం కాదు. కెప్టెన్ క్లిఫర్డ్ మోజియర్‌కి దీనికే బ్రాంజ్ స్టార్ పతకం వచ్చింది. జూన్ 6 పొద్దున ఒమాహాలో అందరికన్నా ముందు దిగి దాదాపు తుడిచిపెట్టుకుపోయిన 116వ రెజిమెంట్‌లోని ‘ఎ’ కంపెనీ అనే దళాన్ని ఒడ్డు దాకా మోసుకొచ్చింది ఈ ఎంపైర్ జావెలినే.

యూరప్‌లో యుద్ధం అయిపోయాక, 1945 మే 12న బెల్‌ఫాస్ట్ నుంచి కాన్వాయ్‌తో ఇంటికి బయల్దేరింది. శత్రువు పని అయిపోయింది, ఇక భయం లేదనుకున్న రెండో రోజే పెద్ద తుఫాను పట్టుకుంది. ఒక భారీ అలని ఢీకొట్టిన దెబ్బకి మెయిన్ డెక్ మీద పగులు వచ్చింది. రివెట్లు లేకుండా వెల్డింగ్‌తో ఏకంగా కట్టిన ఓడల్లో ఒక పగులు మొదలైతే ఆగకుండా పాకే ప్రమాదం ఉంటుంది, అదే కాలపు లిబర్టీ సరుకు ఓడలు కొన్ని రెండు ముక్కలైంది అలాగే. సిబ్బంది ఆ తుఫానులోనే పగులుకి అడ్డంగా ఉక్కు దూలాలు వేసి వెల్డింగ్ చేశారు. సిసిలీ, సలెర్నో, నార్మండీల్లో తప్పించుకున్న ఓడ శాంతి వచ్చాక వారం తిరక్కుండా అట్లాంటిక్‌లో పోయేది. కట్టిన 1,051లో శత్రువు చేతిలో పోయినవి 26 అయితే వాతావరణం, రాళ్లు, ప్రమాదాల వల్ల పోయినవి 13. గురిగా పనికొస్తుందని పేరు పెట్టుకున్న ఓడలకి ఇది ఆశ్చర్యపోయేంత మంచి రికార్డు. కారణాలు వెతికితే, లోపల చిన్న చిన్న గదులుగా విడగొట్టిన బాలాస్ట్ ట్యాంకులు ఒక చోట చిల్లు పడ్డా మిగతా ఓడని తేల్చి ఉంచాయి, అడుగు పైకే ఉంటుంది కాబట్టి టార్పెడోలు కొన్నిసార్లు కింద నుంచి పోయాయి.

1946 జూలై 2న ఓడని సర్వీసు నుంచి తప్పించి రిజర్వులో పెట్టారు. యుద్ధం కోసం అరకొరగా కట్టిన ఓడ కథ మామూలుగా ఇక్కడ తుక్కు దుకాణంలో ముగియాలి. ముగియలేదు. 1951లో సైనిక రవాణా విభాగం దాన్ని బయటికి తీసి ఉత్తరానికి పంపింది. సోవియట్ బాంబర్లు ఉత్తర ధ్రువం మీదుగా వస్తాయన్న భయంతో అమెరికా ఆర్కిటిక్‌లో రాడార్ స్టేషన్లు కడుతోంది. లాబ్రడార్ సముద్రం, డేవిస్ జలసంధి, బాఫిన్ బే. అక్కడ రేవుల్లేవు, రోడ్లు లేవు, ఎండాకాలంలో కొన్ని వారాలే మంచు దారి ఇస్తుంది. సిమెంటు, బుల్డోజర్లు, జనరేటర్లు తెచ్చి రాళ్ల ఒడ్డు మీద దించిపోవాలి. అలాంటి చోటికి మళ్లీ అదే ఓడ కావాల్సి వచ్చింది. ఈ దశ గురించి రాసేవాళ్లు ఒక వాక్యంతో సరిపెడతారు గానీ, యుద్ధంలో దాని విలువ ఏమిటో శాంతికాలంలోనూ అదేనని ఇక్కడే తేలింది.

1961లో నేవీ జాబితా నుంచి కొట్టేశారు. 1964లో గ్రీస్‌కి ఇచ్చారు. ఇరవై ఏళ్లు నంబరుతోనే తిరిగిన ఓడకి అప్పుడు మొదటిసారి పేరొచ్చింది, సిరోస్, ఏజియన్ సముద్రంలోని ఒక దీవి పేరు. వందల దీవులున్న దేశం, వాటిలో చాలావాటికి పెద్ద రేవులు లేవు, అలాంటి నేవీకి ఎల్‌ఎస్‌టీ కన్నా సరైన కానుక ఉండదు. 1999 డిసెంబర్ దాకా 35 ఏళ్లు వాడుకున్నారు. అమెరికా సొంతంగా వాడుకున్న కాలం కన్నా గ్రీస్ వాడుకున్నదే ఎక్కువ. 325ని అమెరికన్ ఓడగా మాత్రమే చెప్పే కథల్లో ఇది పెద్ద లోటు, ఎందుకంటే గ్రీకు నావికులు అన్నేళ్లు నడుపుతూ ఉండకపోతే తిరిగి తెచ్చుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. యుద్ధం తర్వాత ఇలా దేశదేశాలకి పోయిన ఎల్‌ఎస్‌టీలు చాలా ఉన్నాయి. మన నేవీ మొదటి ఐఎన్‌ఎస్ మగర్ కూడా యుద్ధకాలపు సరుకే. అది అమెరికన్ రకం కాదు, బ్రిటన్ తనకోసం కట్టుకున్న ఎల్‌ఎస్‌టీ(3) తరగతిది, నంబరు 3011, హెచ్‌ఎంఎస్ అవెంజర్‌గా ఉండి 1949లో మనకొచ్చింది. విశాఖలో ఉండే ఐఎన్‌ఎస్ ఐరావత్ లాంటి ఇప్పటి ట్యాంక్ ల్యాండింగ్ నౌకల వంశం వెనక్కి పోతే అక్కడే మొదలవుతుంది.

2000లో జరిగింది వింటే కొంచెం పిచ్చిగా అనిపిస్తుంది. ఎల్‌ఎస్‌టీల్లో పనిచేసిన మాజీ నావికులు ఒక సంఘంగా ఏర్పడి, ఒక్క ఓడనైనా నడిచే స్థితిలో దాచుకోవాలని గ్రీస్‌ని అడిగి 325ని సంపాదించారు. జూలైలో క్రీట్ దీవిలోని సూదా బే చేరి, మండే ఎండలో నెలల తరబడి తుప్పు గీకి, పైపులు మార్చి, ఇంజన్లు లేపారు. వాళ్ల సగటు వయసు 72. నవంబర్ 14న బయల్దేరారు. జిబ్రాల్టర్‌లో ఆగి రిపేర్లు చేసుకుని, డిసెంబర్ 12న అట్లాంటిక్‌లోకి దిగి, 2001 జనవరి 10న అలబామాలోని మొబైల్ రేవు చేరారు. మొత్తం దాదాపు 6,500 మైళ్లు, రాబర్ట్ జార్న్‌లిన్ కెప్టెన్. చలికాలపు అట్లాంటిక్‌లో, 58 ఏళ్ల ఓడలో, ఒకప్పుడు డెక్ చీలిన సముద్రంలోనే. అమెరికా అధికారులు ఈ ప్రయాణం గురించి కంగారు పడ్డారంటే వాళ్లని తప్పుపట్టలేం. పత్రికలు దీన్ని ముసలి వీరుల ఆఖరి సాహసంగా రాశాయి, అది అమ్ముడుపోయే కథ. ఆ ప్రయాణాన్ని నిజంగా సాధ్యం చేసింది మాత్రం రైలు ఇంజన్ లాంటి మొరటు యంత్రాలు, గ్రీకు నేవీ మెయింటెనెన్స్, తమ చేతులతోనే ఇదంతా ఒకప్పుడు నడిపిన మనుషుల అలవాటు.

ఓడ తేవడం ఒక ఎత్తు, ఉంచుకోవడం ఇంకో ఎత్తు. 2003లో మిసిసిపీ, ఒహాయో నదుల మీదుగా ఊరూరా తిరిగింది, ఎవన్స్‌విల్‌లో జనం విరగబడ్డారు. ఆ ఊళ్లో యుద్ధకాలంలో 167 ఎల్‌ఎస్‌టీలు కట్టారు, అమ్మలో అమ్మమ్మలో వెల్డింగ్ చేసిన ఇళ్లు అక్కడ ఎన్నో. 2005 అక్టోబర్ నుంచి 325 సొంతూరు అదే. ఫిలడెల్ఫియాలో పుట్టిన ఓడకి ఎవన్స్‌విల్ పుట్టిల్లు కాదు, అయినా ఆ ఊళ్లో కట్టిన 167లో ఒక్కటీ అక్కడ మిగల్లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. అమెరికాలో మ్యూజియంగా మిగిలిన ఇంకో యుద్ధకాలపు ఎల్‌ఎస్‌టీ మిషిగన్‌లోని మస్కీగన్‌లో ఉన్న 393. అది యుద్ధం తర్వాత హైవే 16 అనే పేరుతో మిషిగన్ సరస్సు మీద కొత్త కార్లు మోసింది, ఇప్పుడు కదలదు. 325 కదులుతుంది, తన ఇంజన్లతోనే.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లలో ఎవరైనా చూడాలనుకుంటే ఎవన్స్‌విల్ ఇండియానా దక్షిణ కొసలో, లూయీవిల్ నుంచి కారులో సుమారు రెండు గంటల దూరంలో ఉంది. 2020లో ఓడని ఊరి మధ్యకి, అంతకుముందు కేసినో పడవ ఉండే రేవుకి మార్చారు. ట్యాంక్ డెక్ మీద నడవొచ్చు, ఇంజన్ గదిలోకి తొంగి చూడొచ్చు. బయల్దేరే ముందు ఓడ ఊళ్లో ఉందో లేదో కనుక్కుని వెళ్లండి, ఏటా వేసవి చివర్లోనో ఆ తర్వాతో కొన్ని వారాలు నది మీద వేరే ఊళ్లకి టూరు వెళ్తుంది, అప్పుడు అక్కడ ఖాళీ రేవే ఉంటుంది.